ఒనాటా షావుకారు

చొంగ్‌జు,
18 మార్చి 1996

బావమరిది దొక్‌పల్‌కి,

ఇది ఫోనులో చెప్పదగిన సంగతే. కానీ ఇన్నేళ్ళూ కార్ల రేకులు కొట్టి కొట్టి నీ చెవులు పోయాయి. నేను "ఎస్" అంటే నువ్వు "ఎవరూ?" అంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నా కొత్త సొనాటాకి వెనక డిక్కీ మీద మెరిసే అక్షరాలతో పేరు ఉంటుంది కదా. అందులో మొదటి అక్షరం ఎస్‌ని ఎవడో ఊడదీసుకుపోయాడు. నిన్న పొద్దున్న మన స్నానాల శాల తెరవడానికి బయల్దేరుతూ చూశాను. 'ఒనాటా' అని ఉంది. లోపల రేడియో ఉంది, గొడుగు ఉంది, నీ అక్క గుమ్‌జా మర్చిపోయిన చేపల సంచీ కూడా ఉంది. ఎస్ ఒక్కటే లేదు. రంగు మీద చిన్న గీత కూడా లేదు, తుడిచిపెట్టినట్టుంది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడి కుర్ర పోలీసు నవ్వాడు. "మీ అపార్ట్‌మెంట్లలో ఈ ఏడు యూనివర్సిటీ పరీక్ష రాసే పిల్లలున్నారా అండీ?"

"లేకుండా ఎలా ఉంటారు?"

"అయితే ఇంకేముంది. ఎస్ అంటే సియోల్ యూనివర్సిటీ. సొనాటా ఎస్ దగ్గర పెట్టుకుంటే అక్కడ సీటు ఖాయమని వాళ్ళ నమ్మకం. పేరు పక్కన మోడల్ నంబరు మూడు గీతలుగా ఉంటుంది చూడండి, దాన్ని పెట్టుకుంటే మూడొందల మార్కులట. జాగ్రత్తగా చూసుకోండి."

మన మిరాన్ కూడా ఈ ఏడే రాస్తోంది. అది ఎవరి బండి మీదైనా చెయ్యి వేసిందా? నా కూతురది, పెంపకం అని ఒకటి ఉంటుంది.

దేగు విడిభాగాల సందులో నీ దుకాణం నిండా కార్ల పేర్లే కదా. ఒక ఎస్ పంపు. పసుపు దుమ్ము గాలి మొదలైంది, కిటికీలు మూసుకుని పడుకో.

నీ బావ,
ప్యో మన్‌సిక్
అధ్యక్షుడు, అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం


దేగు,
27 మార్చి

అధ్యక్షులైన బావగారికి నమస్కారాలు.

మీ ఎస్ దూదిలో చుట్టి పంపుతున్నాను. అతికించే పద్ధతి చెబుతాను, దయచేసి పూర్తిగా చదవండి. పాత జిగురును బొటనవేలితో రుద్ది తియ్యండి, గోరుతో కాదు. మిగిలిన అక్షరాల పాదాల వెంట కాగితపు టేపు తిన్నగా అతికించి, దాని మీద ఎస్‌ని నిలబెట్టండి. వెనక రెండు వైపులా అంటుకునే టేపు నేనే వేశాను, మీరు జిగురు పుయ్యక్కర్లేదు. అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గోరువెచ్చగా చేసి అదమండి. గోరువెచ్చగా అన్నాను. మీ శాలలో పెద్ద తొట్టి వేడి కాదు.

రంగు మీద గీత పడలేదని రాశారు. నాకు అదే ఆశ్చర్యం. కుర్రాళ్ళయితే స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తారు, చుట్టూ రంగు లేచిపోతుంది. మీ దొంగ ముందు వేడి తడిగుడ్డ వేసి జిగురు మెత్తబరిచి, ఆ తర్వాత అక్షరం వెనకనుంచి దారం లాగి కోశాడు. నేనూ అలాగే తీస్తాను. దొరికితే కొట్టకండి, నా దగ్గరికి పంపండి. పనిలో పెట్టుకుంటాను.

అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తెల్లారగట్ల కొండ మీది ఊట నీళ్ళకి ఇంకా వెళ్తున్నారా? మిరాన్‌ని నిద్రపోనివ్వండి కాస్త.

మీ దొక్‌పల్


చొంగ్‌జు,
22 ఏప్రిల్

దొక్‌పల్,

దొంగని మెచ్చుకునే బావమరిది ఉండగా మనిషికి వేరే శత్రువులక్కర్లేదు.

నువ్వు పంపిన ఎస్ పాత మోడల్‌ది. మిగతా అక్షరాల కంటే తలెత్తు పొడుగు. గొర్రెల మందలో ఒంటె నిలబడ్డట్టుంది. అయినా అతికించాను. నీ టేపు మీద నాకు నమ్మకం లేక ఇనుము అతికించే జిగురు కూడా పూశాను. నీ అక్క మిషను కాలిపోయింది. నాకూ ఆవిడకీ మాటల్లేవు.

శాలలో సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. తొట్టిలో మెడలోతు కూర్చున్న ముసలాళ్ళు నన్ను 'ఒనాటా షావుకారు' అంటున్నారు. "ఒనాటా షావుకారుగారూ, నీళ్ళు చల్లారాయి. ఎస్‌తో పాటు బాయిలరు కూడా ఎత్తుకుపోయారా?" బట్టల్లేని మనుషులతో ఎలా దెబ్బలాడతాం చెప్పు.

ఇది ఇక్కడితో ఆగలేదు. మొన్న మాక్ టెస్టు మార్కులు వచ్చాయి. మిరాన్‌కి బాగా తగ్గాయి, ఇంట్లో ఏడుపులు. ఆ మర్నాడే కారు మీది మూడు గీతల్లో కుడివైపు చివరిది మాయం. అంటే నా మూడో మోడల్ కారు తెల్లారేసరికి రెండో మోడల్ అయి కూర్చుంది. లిఫ్టులో నాలుగో అంతస్తు ఆవిడ నన్ను ఓదార్చింది. "సెకండ్ హ్యాండ్‌ది కొన్నారటగా. మంచి పని చేశారు, కొత్తవి ఎందుకు." రసీదు తెచ్చి చూపిద్దామనుకున్నాను.

దొంగ ఎవరో నాకు తెలుసు. కింద వీధిలో కుడుముల హోటల్ నమ్ గారి అబ్బాయి హక్సూ. రెండుసార్లు పరీక్ష తప్పి మూడోసారి కడుతున్నాడు. నా కారు వెనక నక్కి కూర్చుని నాకు దొరికాడు. ఏం చేస్తున్నావంటే "షూ లేసు కట్టుకుంటున్నానండీ" అన్నాడు. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి.

సంఘం మీటింగులో అందరి ముందూ చెప్పేశాను. దొంగ ఎవరైనా సరే, ఎవరి ఇంటివాళ్ళైనా సరే, ఇదే హాల్లో నడుం వంచి క్షమాపణ చెప్పాలి, ఆ తర్వాత పోలీసులకి అప్పగిస్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆవిడ ఈ మధ్య మిరాన్ కోసం కూర్చునే దిండు కుడుతోంది, సూదీ దారం మీదే ధ్యాస. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

సరైన కొలత ఎస్, ఒక గీత పంపు.

మన్‌సిక్


దేగు,
6 మే

బావగారికి,

పొరపాటు నాదే. కళ్ళద్దాలు పెట్టుకోకుండా డబ్బాలో చెయ్యి పెట్టాను. ఈసారి మీ మోడల్‌దే పంపుతున్నాను, గీతతో సహా. అంత అనుమానంగా ఉంటే అతికించేముందు వెనక మేకుతో మీ పేరు గీసుకోండి. ఇనుప జిగురు మాత్రం వద్దు. దాన్ని తీసేటప్పుడు రంగు కూడా దానితోపాటే వస్తుంది.

నా మాట వింటే అన్ని అక్షరాలూ తీయించేయండి. నున్నటి డిక్కీ ఎంత దర్జాగా ఉంటుందో మీకు తెలీదు. ఈ లెక్కన పోతే శరదృతువు పండక్కి మీ కారు ఎడ్లబండి మోడల్‌కి దిగిపోయేలా ఉంది.

ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి. మూడోసారి పరీక్ష రాసేవాడు చెప్పులేసుకుని కారు వెనక కూర్చున్నాడంటే సిగరెట్టు కాలుస్తున్నాడు. నేనూ ఒకప్పుడు మీ ఇంటి వెనక కూర్చునేవాణ్ణి.

దొక్‌పల్


చొంగ్‌జు,
15 జులై

దొక్‌పల్,

అక్షరాలు తీయించేదే లేదు. ఇన్నేళ్ళు వేడినీళ్ళ పొగలో ఉడికి కొనుక్కున్న కారు అది. పేరు లేకపోతే అది ఏ కారో ఎవరికి తెలుస్తుంది? ప్రతివాడి దగ్గరా ఆగి చెప్పుకోనా?

నువ్వన్నట్టే ఎస్ వెనక 'ప్యో' అని గీసి అతికించాను. వరస కుదిరింది. నెల రోజులు రాజాలా తిరిగాను. మళ్ళీ మాక్ టెస్టు వచ్చింది. మిరాన్ మార్కులు ఇంకా తగ్గాయి. రెండ్రోజుల్లో ఎస్ పోయింది, మూడు గీతల్లో రెండు పోయాయి. ఇప్పుడు చదివితే 'ఒనాటా ఒకటి' అని ఉంది. అలాంటి కారు లోకంలో నా ఒక్కడికే ఉంది.

నమ్ గారు నా శాలకి రావడం మానేశాడు. వాళ్ళ బంధువులూ మానేశారు. దారిలో ఎదురుపడితే నిలబెట్టి అడిగాడు. "షావుకారుగారూ, మావాడు పరీక్ష రెండుసార్లు తప్పాడు, నిజమే. దొంగతనం కూడా వాడివల్ల కాదండీ, దానికీ కాస్త తెలివి కావాలి. వాడు ఇప్పుడు చదువుకునే హాలుకి వెళ్ళడం లేదు. నలుగురూ చూస్తున్నారని ఇంట్లోనే ముసుగు పెట్టి పడుకుంటున్నాడు. మీకు సంతోషమేనా?"

సాక్ష్యం దొరికాక మాట్లాడదామని వచ్చేశాను. వాళ్ళింటినుంచి వారం వారం వచ్చే కుడుములు కూడా ఆగిపోయాయి. ఆ కుడుములంటే అమ్మకి ప్రాణం. అవి లేవని కాబోలు, అసలు అన్నమే సరిగ్గా తినడం లేదు. హక్సూ పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది. వాడంటే ఆవిడకీ అంత అసహ్యం.

మన్‌సిక్


దేగు,
2 ఆగస్టు

బావగారికి,

ఎండ దంచుతోంది. మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. ఒక సంగతి మీకు తట్టిందో లేదో. మాక్ టెస్టులో మిరాన్ మార్కులు తగ్గడం, ఆ వెంటనే అక్షరం పోవడం. ఈ రెండుసార్లూ అంతే. హక్సూ మార్కులతో దీనికి సంబంధం లేదు.

కోప్పడకండి. నాకు మిరాన్ మీద అనుమానంగా ఉంది. పిల్ల భయపడి ఉంటుంది. మెల్లిగా, ఒంటరిగా అడగండి. గట్టిగా అడక్కండి.

దొక్‌పల్


చొంగ్‌జు,
20 ఆగస్టు

దొక్‌పల్,

నువ్వు చెప్పినట్టే మెల్లిగా అడిగాను. భోజనాల దగ్గర, అందరూ ఉండగా.

"మిరాన్, ఆ అక్షరాలు తీస్తున్నది నువ్వేనా?"

అది నావైపు చూడలేదు. నానమ్మ వైపు చూసింది. అమ్మ చేతిలో చెంచా కింద పడింది. మిరాన్ చెంచా తీసి కడిగి ఇచ్చి, "నేనే అనుకోండి నాన్నా" అంది.

"అనుకోవడమేమిటి, అయితే అవును, కాకపోతే కాదు."

"అవునంటే పోలీసులకి అప్పగిస్తారా?"

"మీటింగులో మాటిచ్చాను."

"అయితే మీటింగునే పెంచుకోండి" అని లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎక్కడో పిల్లలు చదువుకునే హాస్టల్లో చేరిందని గుమ్‌జా చెప్పింది. మంచిదే, అక్కడైనా చదువుకుంటుంది. నేను కాస్త తొందరపడ్డానేమో. ఆ మాట నువ్వు ఎవరికీ చెప్పకు.

ఆ ఎస్ మాత్రం ఎక్కడా దొరకలేదు. అదొక్కటి కనబడితే నా మనసు కుదుటపడుతుంది.

మన్‌సిక్


దేగు,
26 ఆగస్టు
(కార్డు)

బావగారికి,

మీ దగ్గర పోయింది నా దగ్గరికి చేరింది. దెబ్బలేమీ తగల్లేదు. కాస్త మెరుగు తగ్గింది, నేను చూసుకుంటాను. కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి. అక్కకి ముందే తెలుసు. మీరు బెంగ పెట్టుకోకండి.

దొక్‌పల్


చొంగ్‌జు,
30 ఆగస్టు

బాంగ్ దొక్‌పల్ గారికి,

ఇకమీదట మనిద్దరిమధ్యా 'గారు' ఉండడమే మంచిది.

నా ఇంటి ముందునుంచి పోయింది తిరిగి తిరిగి నీ దుకాణం చేరిందన్నమాట. కార్డు మీద రాసి పంపడానికి నీకు సిగ్గు కూడా లేదు, పోస్ట్‌మాన్ చదువుతాడని భయం కూడా లేదు. నీ అక్కకి ముందే తెలుసా? మొగుడి సొమ్ము తమ్ముడికి చేరవేసే పెళ్ళాన్ని చేసుకున్నానని ఇవాళ తెలిసింది. పోయినప్పుడల్లా నీ దగ్గరే కొత్తది తెప్పించుకున్నాను. ఎంత బాగా నడిపించావు వ్యాపారం.

దాన్ని నా గడప తొక్కనివ్వను. దాని మొహం చూడను. ఉంచుకుంటావో, ఎవడికైనా అమ్ముకుంటావో, కరిగించి చెంచా చేసుకుంటావో నీ ఇష్టం. వెనక నా పేరు గీసి ఉందని మాత్రం మర్చిపోకు.

ప్యో మన్‌సిక్


దేగు,
5 సెప్టెంబరు

బావగారికి,

మీ ఉత్తరం మిరాన్‌కి చదివి వినిపించాను. నాదే బుద్ధి తక్కువ. వ్యాపారం సంగతి మా ఇద్దరికీ అర్థం కాలేదు. అమ్ముకోమన్న చోట అది తల దించుకుంది. కరిగించి చెంచా చేసుకోమన్న చోట భోరున ఏడ్చింది. వెనక పేరు గీసి ఉందన్న చోట ఏడుపు ఆపి మెడ వెనక తడుముకుంది. అప్పుడు తెలిసింది మాకు, మీరు తిడుతున్నది ఎస్‌ని అని.

బావగారూ, నా దగ్గరికి చేరింది మీ కూతురు. హాస్టలూ లేదు, ఏమీ లేదు. అక్క బస్సెక్కించి పంపింది. నా మేడ మీది గదిలో ఉంటోంది. పొద్దున్నంతా చదువుకుంటుంది, సాయంత్రం కిందికి దిగి దుకాణంలో అక్షరాలు అతికిస్తుంది. టేపు కూడా వెయ్యకుండా కంటితోనే వరస పెడుతుంది. నేను ఇన్నేళ్ళు చేసినా అలా కుదరదు.

దొంగ అది కాదు. నా అనుమానం తప్పు. కడుపు నిండా తిండి పెట్టాక అడిగితే చెప్పింది. మీరు కూర్చుని చదవండి.

తీసింది అత్తయ్యగారు. ఊట దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళెవరో "సొనాటా మొదటి అక్షరం తెచ్చుకుంటే పిల్లకి సియోల్‌లో సీటొస్తుంది" అన్నారట. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు కదా. ఊరంతా వెతకడమెందుకు, ఇంట్లోనే సొనాటా ఉందని ఎడమవైపు మొదటిది తీశారు. మార్కులు తగ్గాయి. గుళ్ళో పాత పలకలు కుడినుంచి ఎడమకి చదువుతారు, ఇదీ అలాగేనేమో అనుకుని రెండోసారి కుడివైపునుంచి మొదటిది తీశారు. అదే మీ గీత. ఇంకా తగ్గాయి. మూడోసారి ఎందుకైనా మంచిదని రెండు వైపులా తీశారు, కుడివైపు ఒకటికి రెండు. వేడి తువ్వాలు మీ శాలదే, దారం ఆవిడ బొంతలు కుట్టుకునేది.

అవన్నీ ఆవిడ కుట్టిన దిండులో ఉన్నాయి. మిరాన్ దాని మీద కూర్చునే చదువుకుంది. "ఎస్ గుచ్చుకుంటుంది మావయ్యా. దాని కొక్కెం ఎటు తిప్పినా తగులుతుంది. లెక్కలు చేస్తుంటే ప్రాణం అక్కడే ఉండేది. మార్కులు తగ్గక ఏమవుతాయి?" అంది. నానమ్మకి చెబితే బాధపడుతుందని చెప్పలేదు. మీకు చెబితే మీటింగులో నిలబెడతారని చెప్పలేదు.

ఏం చేస్తారో మీ ఇష్టం. ఆవిడ చేత మాత్రం నలుగురిలో నడుం వంచించకండి.

దొక్‌పల్


చొంగ్‌జు,
1 అక్టోబరు

దొక్‌పల్,

'గారు' తీసేశాను, గమనించు.

ఉత్తరం చదివి స్నానాల శాలకి వెళ్ళి, ఖాళీ తొట్టిలో బట్టలతోనే కూర్చున్నాను కాసేపు. ఆ తర్వాత మీటింగు పిలిచాను. నమ్ గారినీ హక్సూనీ నేనే వెళ్ళి పిలిచాను. రామన్నారు. గుమ్మంలో నిలబడ్డాను వచ్చేదాకా.

హాల్లో లేచి చెప్పాను. "దొంగ దొరికాడు. నేనే. అక్షరాలకి మెరుగు పెట్టిద్దామని నేనే తీసి, పెట్టిన చోటు మర్చిపోయాను. హక్సూకి ఇందులో ఏ సంబంధమూ లేదు." నడుం వంచాను. పని అయిపోయిందనుకున్నాను.

వెనకనుంచి అమ్మ లేచింది. "వీడా? వీడు తీశాడా? పచ్చడి జాడీ మూత రాకపోతే నన్ను పిలుస్తాడు వీడు. గోరంత గీత పడకుండా తియ్యడం వీడి తరమా? నేను తీశాను."

కూర్చోమని సైగ చేశాను. కూర్చోలేదు. తువ్వాలు ఎంత వేడిగా ఉండాలో, దారం ఎలా పట్టుకోవాలో, అన్నీ చేతులతో చేసి చూపించింది. నాలుగో అంతస్తు ఆవిడ మధ్యలో సందేహాలు కూడా అడిగింది. అదంతా అయ్యాక అమ్మ హక్సూ దగ్గరికి వెళ్ళింది. "నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను బాబూ. నా మనవరాలి కోసమని నోరు మూసుకున్నాను. నీ కుడుములు తినే మొహం నాకు లేదు" అని వంగబోయింది. వాడు గబుక్కున పట్టుకున్నాడు. ఆవిడ బదులు నేను వంగాను. అమ్మ చేతిలో దిండు వాడికిచ్చింది. మిరాన్ వెళ్ళిపోయాక అది ఎవరికీ పనికి రావడం లేదట.

అవునూ, ఆ రోజు వాడు కారు వెనక సిగరెట్టే కాల్చాడట. నువ్వు మా ఇంటి వెనక కూర్చునేవాడివని రాశావే, ఆ సంగతి తర్వాత మాట్లాడతాను.

మిరాన్‌కి ఏం రాయాలో నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. పండక్కి వచ్చినప్పుడు కూడా తల ఊపింది, అంతే. దానికి నువ్వే చెప్పు. మీ నాన్న చెంచా అన్నది ఎస్‌ని, నిన్ను కాదని. ఇంకా ఏదైనా చెప్పాల్సి ఉంటే అది కూడా చెప్పు, నీకు మాటలొచ్చు.

నీ బావ


దేగు,
9 అక్టోబరు

బావగారికి,

చెప్పాను. "అది నాన్ననే వచ్చి చెప్పమను" అంది.

దొక్‌పల్


చొంగ్‌జు,
28 జనవరి 1997

దొక్‌పల్,

నేను వచ్చి చెప్పిన సంగతి నీకు తెలుసు, పక్క గదిలోంచి విన్నావు కూడా. నీ చెవులు అలాంటప్పుడు బాగానే పనిచేస్తాయి. కాబట్టి ఆ తర్వాతి కబుర్లు రాస్తాను.

మిరాన్‌కి సియోల్ రాలేదు. మీ ఊరి యూనివర్సిటీలో లోహాల చదువులో వచ్చింది. ఫలితం చూసి ఎగిరి గంతేసింది. నేను ఏడవడానికి సిద్ధపడి ఉన్నాను, ఎటూ కాకుండా అయిపోయింది. వసంతం నుంచి నీ మేడ మీది గది దానిదే.

సియోల్ వచ్చింది హక్సూకి. నమ్ గారు శాలకి వచ్చి తొట్టిలో నా పక్కనే కూర్చుని ఏడ్చాడు. చెమటో కన్నీళ్ళో తెలియకుండా చాలాసేపు ఏడ్చాడు. కుర్రాడు ఆ దిండు మీదే కూర్చుని చదివాడట, గుచ్చుకుంటే నిద్ర రాదని. అమ్మ ఇప్పుడు ఊరుకుంటుందా? "ఎస్ మంచిదే. మనం కూర్చునే తీరే బాగాలేదు" అంటోంది.

ఈ వార్త ఊరంతా పాకింది. ఈ ఏడు పరీక్ష రాసే పిల్లల తల్లులు నా కారు చుట్టూ తిరుగుతున్నారు. పాపం తల్లులు కదా, అడిగితే ఇచ్చేద్దామని నేను వచ్చినప్పుడు నువ్వు ఇచ్చిన అక్షరాలు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎవరూ పుచ్చుకోరు. ఇచ్చింది పనిచెయ్యదట, దొంగిలిస్తేనే పనిచేస్తుందట. అందుకని రోజూ ఒక ఎస్ అతికించి పెడుతున్నాను. ఇంకొన్ని పంపు.

నిన్న మధ్యాహ్నం ఒకావిడ చాలాసేపు కారు దగ్గర నిలబడింది. ముట్టుకుంటుంది, చెయ్యి తీసేస్తుంది. ఎప్పుడూ దొంగతనం చేసిన మనిషిలా లేదు. చివరికి నా దగ్గరికే వచ్చింది.

"షావుకారుగారూ, మీరు కాస్త అటు తిరుగుతారా?"

గోడవైపు తిరిగాను. చలికి కాళ్ళు కొయ్యబారాయి. వెనక ఆవిడ ఒగరుస్తోంది, గొణుక్కుంటోంది. నాకు ఆవిడ మీద జాలేసింది, కానీ తిరిగి చూస్తే అంతా చెడిపోతుంది. గోడ మీద సంఘం నోటీసులన్నీ చదివేశాను. అన్నీ నేను రాసినవే.

"అయిపోయిందండీ" అంది.

"ఏమయింది?" అన్నాను.

"ఏం లేదండీ."

"సరే అయితే."

అబ్బాయా, అమ్మాయా అని అడుగుదామనుకున్నాను. ఏమీ చూడనివాణ్ణి కదా, అడగలేదు.

మన్‌సిక్ బావ